ఏడాది చెప్పని ప్రేమకథ

పాతకాలపు ప్రేమకథ తీయాలంటే ముందు ఆ కాలాన్ని కట్టి చూపాలని తెలుగు సినిమా చాలాకాలం నమ్మింది. 1951 డిసెంబరులో వచ్చిన ‘మల్లీశ్వరి’ కోసం బి.ఎన్.రెడ్డి మద్రాసు వాహినీ స్టూడియోలో రాయలనాటి లోకాన్ని నిలబెట్టారు. కళాదర్శకుడు ఎ.కె.శేఖర్. ఆ వైభవం కంటికింపు కోసమే పెట్టింది కాదు. మారువేషంలో వచ్చిన రాయలను కథానాయకుడు నాగరాజు తన మరదలి కోసం పల్లకీ పంపమని వేళాకోళానికి అంటాడు. పల్లకీ నిజంగానే వచ్చి ఆమెను రాణివాసానికి తీసుకుపోతుంది. బావామరదళ్లను విడదీసేది ఏ దుర్మార్గుడూ కాదు, ఆ రాచరికపు గోడలే. అందుకే మరదలి పాత్రలో పల్లెలో గలగలలాడిన భానుమతి అంతఃపురంలో అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించే మనిషిగా మారిపోతుంది. సెట్టూ నటనా ఒకదాన్నొకటి మోసిన సినిమా అది.

దీనికి పూర్తిగా ఎదురుదారి విశాఖపట్నంలో దొరుకుతుంది. అక్కడి కంచరపాలెంలో, ఎక్కువగా ఆ పేట మనుషులతోనే, వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. బడిపిల్లలు సుందరం, సునీత. కుర్రతనంలో ఉన్న జోసెఫ్, భార్గవి. మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, అతను ప్రేమించిన సలీమా. నడివయసు అటెండరు రాజు, అతని పై అధికారిణి రాధ. ఈ నాలుగు జంటలూ ఒకే రోజుల్లో పక్కపక్క వీధుల్లో బతుకుతున్నట్టే అనిపిస్తుంది. మొదటి మూడు కథలూ రాజు గతమేనని చివర్లో గానీ తెలియదు. అతనికి 49 ఏళ్లు కాబట్టి లెక్క వేస్తే సుందరం చదివిన బడి 1980 ప్రాంతానిది. అంటే మనం చూసింది పీరియడ్ ప్రేమకథే. కాలాన్ని కట్టడంకన్నా ఇలా దాచడం కష్టమని నా వాదన. సెట్టు కొంచెం అతిగా ఉన్నా ప్రేక్షకుడు మన్నిస్తాడు. దాచిన కాలం ఒక్కచోట బయటపడితే కథే కూలిపోతుంది.

డబ్బు లేక చేసిన పనికి కళ అని పేరు పెడుతున్నామని ఎవరైనా అనవచ్చు. చేతిలో పెద్ద పెట్టుబడి లేని మాట నిజమే. కానీ కొరత ఒక్కటే కారణమైతే కథల్ని వరుసగా చెప్పేసి ఉండవచ్చు. నాలుగింటినీ కలిపి అల్లడం, ఏ కథ మీదా సంవత్సరం వేయకపోవడం దర్శకుడు ఎంచుకున్న పద్ధతులు. చోటు కూడా ఆయనకు కలిసొచ్చింది. పాత డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచిన పక్క పేట సీతమ్మధారలో కెమెరా పెడితే ఏ ఏడాదో గోడలే చెప్పేస్తాయి. కంచరపాలెం ఇరుకు సందులు అంత త్వరగా మారలేదు.

చరిత్ర వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. 1971లో విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక ఈ ఊరు ఎంతగా మారిందో ఆ సినిమాలో కనిపించదు. అది లోటేనని ఒప్పుకుంటాను. అయితే ఊరి చరిత్ర కట్టడాల్లోనే ఉండదు, పలుకుబడిలోనూ ఉంటుంది. మన తెరమీద ఉత్తరాంధ్ర యాస చాలాకాలం నవ్వు పుట్టించే పాత్రలకే దక్కింది. ఇక్కడ ఆ యాసలోనే ప్రేమించారు, ఆ యాసలోనే ఏడ్చారు. ఏ సెట్టూ ఇవ్వలేని సాక్ష్యం ఇది.

ఇక ముఖాలు కలవని నటులు ఒకే మనిషి ఎలా అవుతారన్న ప్రశ్న. పోలికలు వెతికి మనుషుల్ని తెచ్చి ఉంటే గుట్టు సగంలోనే తెలిసిపోయేది. వాళ్లను కలిపింది స్వభావం. మనసు పడ్డ మనిషి కులమో మతమో బతుకుతెరువో అడ్డొచ్చినప్పుడు ముగ్గురిలో ఎవరూ ప్రేమను తక్కువ చేసుకోరు. రాజుగా సుబ్బారావు నటనలో కనిపించే నిదానాన్ని మొదట మొహమాటం అనుకుంటాం. మూడు పోగొట్టుకున్న ప్రేమల తర్వాత మిగిలిన నిదానమని తెలిశాక, అంతకుముందు రాధతో అతను మాట్లాడిన ప్రతి సన్నివేశానికీ అర్థం మారిపోతుంది.