పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ చరిత్ర

పెద్దపేగులో, పురీషనాళంలో పుట్టే క్యాన్సర్‌ను ఏ బాధా లేని మనుషుల్లోనే వెతికి పట్టడానికి చేసే పరీక్షలను స్క్రీనింగ్ అంటారు. ఈ క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న పిలకగా మొదలవుతుంది. అది ముదిరి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో, అంతకు మించో పడుతుంది. ముందే పట్టుకోవడానికి ఇది చాలినంత గడువు. అయినా ఆ గడువు వైద్యానికి అక్కరకొచ్చింది ఇరవయ్యో శతాబ్దం చివర్లోనే.

లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పాథాలజిస్టు కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో పురీషనాళ క్యాన్సర్‌ను ఏ, బీ, సీ దశలుగా విడదీశారు. పేగు గోడలోకి ఎంత దిగింది, లింఫ్ గ్రంథులకు పాకిందా అన్నదే కొలమానం. గోడ దాటకముందే కోసి తీసేస్తే రోగి బతికే అవకాశం చాలా ఎక్కువని దీంతో స్పష్టమైంది. పాలిప్ నుంచి క్యాన్సర్ దాకా సాగే క్రమాన్ని తర్వాత అదే ఆసుపత్రిలో బేసిల్ మోర్సన్ స్థిరపరిచారు.

ఈ క్యాన్సర్ మలంలోకి కొద్దికొద్దిగా నెత్తురు కారుస్తుంది; కంటికి కనిపించని ఆ నెత్తురును పట్టే ఉపాయం అంతకన్నా పాతది. గ్వాయకం చెట్టు బంకతో నెత్తురు జాడ తీయవచ్చని డచ్ శాస్త్రవేత్త ఐజాక్ వాన్ డీన్ 1864లో చూపారు. అమెరికాలో ఒహాయో వైద్యుడు డేవిడ్ గ్రీగర్ ఈ బంక పట్టించిన కాగితపు అట్టలను రోగుల చేతికిచ్చి ఇంటికి పంపారు. లక్షణాలేవీ లేనివారిలోనూ క్యాన్సర్లు బయటపడ్డాయని 1967లో ప్రకటించారు. పద్ధతి ఇదీ: మూడుసార్లు విసర్జించిన మలం నుంచి పుల్లతో కొంచెం కొంచెం తీసి అట్ట మీద పూయాలి. ప్రయోగశాలలో దానిపై హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, నెత్తురుంటే క్షణాల్లో నీలిరంగు తేలుతుంది. చిక్కల్లా ఏమిటంటే, తిన్న మాంసంలోని నెత్తురుకూ, పచ్చి ముల్లంగికీ కూడా అది నీలమయ్యేది. అందుకే పరీక్షకు ముందు పథ్యం పెట్టేవారు.

ఈ అట్ట నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? అది తేల్చడానికి మినెసోటాలో 1975లో మొదలైన అధ్యయనం ఫలితం 1993లో గానీ రాలేదు. 50 నుంచి 80 ఏళ్ల వయసున్న 46 వేల మందికి పైగా అందులో పాల్గొన్నారు. ఏటా పరీక్ష చేసిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. 1996లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్, డెన్మార్క్‌లోని ఫ్యూనెన్ అధ్యయనాలు రెండేళ్లకోసారి పరీక్షతో వరుసగా 15, 18 శాతం తగ్గుదల చూపాయి.

మరోవైపు న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ 1969లో కొలనోస్కోప్ (పేగు లోపల చూసే వంగే గొట్టం) గుండా తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండానే పాలిప్‌ను తీసేశారు. అంతవరకు జబ్బును ముందే కనుక్కోవడమే లక్ష్యం. ఇక అసలు రాకుండానే ఆపవచ్చన్న ఆశ పుట్టింది.

శాస్త్రం కన్నా సంకోచమే మొండిది. మలం గురించి మాట్లాడటానికే జనం వెనకాడేవారు. భర్తను ఈ క్యాన్సర్‌కు కోల్పోయిన అమెరికా టీవీ వ్యాఖ్యాత కేటీ కూరిక్ 2000లో తన కొలనోస్కోపీని ప్రేక్షకులకు చూపించాక, ఆ దేశంలో పరీక్ష చేయించుకునేవారు పెరిగారు. మనిషి నెత్తురును మాత్రమే గుర్తించే ఫిట్ పరీక్ష ఈ ఇబ్బందిని మరో దారిలో తగ్గించింది. పథ్యం అక్కర్లేదు, ఒక్క నమూనా చాలు. జపాన్ 1992లోనే ఈ తరహా పరీక్షను 40 దాటినవారికి జాతీయ కార్యక్రమంగా పెట్టింది. ఇంగ్లండ్ 2006లో అట్టతో మొదలుపెట్టి 2019లో ఫిట్‌కు మారింది. ముందుగా జరిపిన ప్రయోగంలో నమూనా పంపినవారు 59 శాతం నుంచి 66 శాతానికి పెరగడం ఆ మార్పుకు బలమిచ్చింది. 2022లో వెలువడిన యూరప్ అధ్యయనంలోనైతే కొలనోస్కోపీకి పిలిచినవారిలో 42 శాతమే వచ్చారు. రానివారినీ కలిపి లెక్కేస్తే పదేళ్లలో క్యాన్సర్ ముప్పు 18 శాతమే తగ్గింది.

చిన్న వయసులోనే ఈ క్యాన్సర్ పెరుగుతుండటంతో అమెరికా 2021లో ప్రారంభ వయసును 50 నుంచి 45కు దించింది. అక్కడి తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. భారతదేశంలో 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ సూచించాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ పెద్దపేగు క్యాన్సర్ తక్కువ; పైగా దీనికి స్క్రీనింగ్ పెడితే పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ కొలనోస్కోపీ వసతి కల్పించాలి. అయితే మలంలో నెత్తురు కంటికే కనిపిస్తున్నప్పుడు అది స్క్రీనింగ్ సంగతి కాదు. మొలలే కదా అని సరిపెట్టుకోకుండా నేరుగా వైద్యుడికి చూపించుకోవలసిన లక్షణం.