అంబాసిడర్ వెనక కమాను

2004 డిసెంబరు 26 పొద్దున వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కిందికి దిగింది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిప్పీఘాట్‌లో, వరి పండే పల్లపు మళ్లలోకి సముద్రం వచ్చింది. వచ్చింది మళ్లీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఆ మళ్లకు కొంగలు, వాటిని చూడటానికి బైనాక్యులర్లతో మనుషులు వస్తుంటారు. ఏ మోటారు మెకానిక్కుకైనా ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కమాను కూర్చుంది.

కమాను అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు. పాత కారుకు కొత్త ప్రాణం పోసేవాళ్లకు అది కూర్చోవడమంటే ఏమిటో బాగా తెలుసు. ఇంజిను చేయించాక, రంగు వేయించాక, సీట్లు కుట్టించాక, కారును వాకిట్లో నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటారు. ముందు భాగం తలెత్తుకుని ఉంటుంది, వెనక భాగం చతికిలబడి ఉంటుంది. అక్కణ్నుంచి మొదలవుతుంది గొడవ. కాయిల్ స్ప్రింగులు పెట్టించాలా, గాలి బుడగలా, నాలుగు కడ్డీల కట్టా, లేక విదేశాల్లో చేసినట్టు వెనక చక్రాలను దేనికది విడిగా ఊగేలా చేసే ఏర్పాటా? అమ్మేవాళ్లు చాలామంది. ఒక్కొక్కటీ లక్షల్లో మాట. ఇందులో ఏది మంచిదో తేల్చుకునే ముందు, మనం తీసి పారేద్దామనుకుంటున్న ఆ పాత ఇనప పట్టీలు అసలు ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలి. అందుకు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1804లో లండన్‌లో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు ఒక పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు గుర్రబ్బండి పెట్టెను తోలు పట్టాలతో ఉయ్యాలలా వేలాడదీసేవారు. ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలుపుతూ కింద ఒక బరువైన దూలం ఉండేది. ఎలియట్ వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి నేరుగా ఇరుసు మీదే కూర్చోబెట్టాడు. దూలం అవసరం పోయింది, బండి తేలికయింది. మోటారు కారు పుట్టినప్పుడు ఈ కమాను సిద్ధంగా ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా ఆలోచించకుండా తగిలించేశారు. హెన్రీ ఫోర్డ్ 1908 నాటి మోడల్ టీకి దాన్ని అడ్డంగా పెట్టాడు, 1948 దాకా ఆ అలవాటు వదల్లేదు. అడ్డంగా పెట్టిన కమాను బరువు మోస్తుందే తప్ప ఇరుసును ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకోలేదు. దానికి వేరే కడ్డీలు, వేరే గొట్టం కావలసి వచ్చాయి.

నిలువుగా, అంటే కారు పొడవునా రెండు పక్కలా పెట్టిన కమాన్ల సంగతి వేరు. ఈ పద్ధతికి హాచ్‌కిస్ డ్రైవ్ అని పేరు. హాచ్‌కిస్ అంటే తుపాకులు చేసే ఫ్రెంచి కంపెనీయే, కార్లు కూడా చేసింది. ఇందులో కమాను ముందు చెవి బాడీకి పిన్నుతో బిగిసి ఉంటుంది. వెనక చెవి షాకిల్ అనే ఊగే లింకుకు వేలాడుతూ, పట్టీ సాగినప్పుడల్లా కాస్త జరుగుతుంది. నడుమ యూబోల్టులతో ఇరుసు. అంతే సరంజామా. కానీ చేసే పనులు చూడండి: బరువు మోయాలి, ఇరుసు ముందు వెనకలకు పోకుండా పట్టాలి, పక్కలకు జారకుండా చూడాలి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు గొట్టం తన చుట్టూ తాను మెలిదిరగకుండా ఆపాలి. పట్టీల మధ్య రాపిడి వల్ల ఊపు కూడా కొంత చల్లారుతుంది, అది అయిదో పని. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి బతుకు.

మన అంబాసిడర్ ఇలాంటి ఇంటి పిల్లే. బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ ఓఖాలో మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్ తర్వాత బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాకు మారింది. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీసును తెచ్చుకుని 1957లో అంబాసిడర్‌గా దించింది. ముందు చక్రాలకు మెలిదిరిగి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లు, వెనక గట్టి ఇరుసు, రెండు కమాన్లు. 1962లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్, 1992లో ఇసుజు ఇంజినుతో 1800. మొహం మారింది, గుండె మారింది, 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగేదాకా వెనక కమాను మాత్రం పోలేదు. ఫియట్ 1100గా వచ్చి ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న దాని పోటీదారుకూ వెనక ఉన్నది కమాన్లే. మన టాక్సీలవాళ్లు అయిదుగురిని ఎక్కించాల్సిన చోట తొమ్మిదిమందిని, డిక్కీలో బియ్యం బస్తాలను వేసి, ఒక్కో పక్కా ఒక పట్టీ ఎక్కువ పెట్టించుకుని ఈ కమాన్ల సత్తా పరీక్షించారు.

కమానుకు జబ్బులు లేవని కాదు. అమెరికాలో 1967 కెమారోకు జనరల్ మోటార్స్ ఒక్కటంటే ఒక్కటే పట్టీ పెట్టింది. పెద్ద ఇంజిను కారును గట్టిగా తొక్కితే ఆ పట్టీ ఎస్ అక్షరంలా మెలిదిరిగి, విడుదలై, మళ్లీ మెలిదిరిగి, చక్రాలు నేల మీద కప్పల్లా గెంతాయి. మరుసటి ఏడాది శక్తి ఎక్కువున్న మోడళ్లకు ఎక్కువ పట్టీలు వేయక తప్పలేదు. పాత కార్ల వెనక భాగానికి విడిగా సామాన్లు అమ్మే వ్యాపారం అక్కడ బలపడటంలో ఇలాంటి గెంతులకు పెద్ద వాటా ఉంది. ట్రాక్షన్ బార్లు, కాయిల్ స్ప్రింగుతో నాలుగు కడ్డీల కట్టు, 1961 జాగ్వార్ ఈ టైప్ కింద వచ్చిన ఇండిపెండెంట్ వెనక భాగాన్ని పాతకారు నుంచి ఊడబెరికి ఇంకో కారుకు అతికించడం, అన్నీ ఆ దారిలోవే.

నాలుగు కడ్డీల కట్టు అంటే పెద్దకోడలి పనిని పంచి నలుగురికి వేరు కాపురాలు పెట్టించడం. బరువు కాయిల్ మోస్తుంది. ముందు వెనకల పట్టు, మెలి ఆపడం కడ్డీలు చూసుకుంటాయి. పక్కకు జారకుండా అడ్డంగా ఒక పన్‌హార్డ్ కడ్డీ. అది ఇరుసును చిన్న విల్లులా పక్కకు లాగుతుందని నచ్చనివాళ్లు, జేమ్స్ వాట్ 1784లో ఆవిరి యంత్రానికి కట్టిన లింకునే తెచ్చి వాడతారు. పై కడ్డీలు రెండింటినీ ఏటవాలుగా పెడితే ఈ అడ్డ కడ్డీ అక్కర్లేదు. నునుపైన రోడ్డు మీద, శక్తిగల ఇంజినుతో, ఈ కట్టు నిజంగా హాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

ఉప్పునీళ్లు చేరిన సిప్పీఘాట్ లాంటి చోట మాత్రం ఆ హాయి లెక్క వేరుగా తేలుతుంది. మొదటిది, అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. కమాను బరువంతా ముందు చెవి దగ్గర, షాకిల్ దగ్గర దిగుతుందని లెక్కవేసి అక్కడే రేకును పెట్టెలా మడిచి బలం ఇచ్చారు. కాయిల్ పెడితే బరువు ఇంకోచోట, వెనక సీటు కింద పల్చటి రేకు దగ్గర దిగుతుంది. అక్కడ కొత్త అడ్డదూలం వెల్డింగు చేయాలి. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, ఉప్పుగాలి తిన్న అరవై ఏళ్ల నేలరేకు మీద వెల్డింగు! పుల్ల తగిలితే రాలే పెంకులకు మేకు కొట్టినట్టే.

రెండోది బుష్షులు. కమాన్ల కట్టులో పక్కకు రెండు మూడు చోట్ల రబ్బరు ఉంటుంది. నాలుగు కడ్డీలు అనగానే ఎనిమిది కీళ్లు. గోళాకారపు ఇనప కీళ్లు పందెం కార్లకు బావుంటాయి కానీ ఉప్పు తగిలితే త్వరగానే గలగలమంటాయి. అండమాన్‌లో స్పేరు పార్టు అంటే దుకాణం కాదు, ఓడ. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1200 కిలోమీటర్ల నీళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఇటే వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో 13 శాతం పైచిలుకు. ఏ సామాను ఏ ఓడకు వస్తుందో, ఏది రాదో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తన కారు కొలతలకు కాయిలు కోయంబత్తూరులోనో ఇంకెక్కడో చేయించుకున్నవాడు, విరిగిననాడు కారును కొబ్బరిచెట్టుకు కట్టేయాల్సిందే.

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన కారుకు 20,000 రూపాయలు కట్టి పదేళ్ల రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, నంబరు పలకలో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మార్క్ టూ అడుగున దూలాలు వెల్డింగు చేయించుకుని ఆ పలక కోసం వెళితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

గాలి బుడగల గురించి ఎక్కువ చెప్పను. కారును నేలకు ఆనించి ఫొటో దిగడానికి బాగుంటాయి. పంపు, గొట్టాలు, వాల్వులు ఉప్పుగాలిలో ఎన్నాళ్లు నిలుస్తాయో పందెం కాయవచ్చు.

నన్నడిగితే కమాన్లను ఉంచుకుని వాటినే బాగుచేసుకోమంటాను. ముందుగా కొలవాలి. డిక్కీ ఖాళీగా, ట్యాంకు నిండుగా ఉంచి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా టేపు పెట్టి రాసుకోవాలి. ఒక పక్కే కూర్చుంటే తప్పు షాకిల్‌దో రేకుదో కావచ్చు, కమానుది కాకపోవచ్చు. తర్వాత పట్టీలు విప్పి మందం చూడాలి. పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. తుప్పు తిని మందం పదో వంతు తగ్గితే బిగువులో పావు వంతుకు పైగా పోయినట్టే. అలాంటి పట్టీకి మళ్లీ వంపు పోయించి లాభం లేదు, కొత్తది వేయాలి. మందం నిలిచి వంపు మాత్రమే పోయినదాన్ని కొలిమికి పంపి, వంపు పోసి, మళ్లీ పదును పెట్టించవచ్చు. పదును పెట్టకుండా సుత్తితో వంచి ఇచ్చేవాళ్లుంటారు. ఆ వంపు రెండు వానలకు దిగిపోతుంది.

కొత్తగా ఏదైనా కావాలనే మోజుంటే రెండు చోట్ల ఖర్చు పెట్టొచ్చు. తొలినాళ్ల లివర్ రకం షాకబ్జర్లు తీసేసి గొట్టపు షాకబ్జర్లు పెట్టుకోవడం ఒకటి. రెండోది పారబోలిక్ కమాను, అంటే నడుమ లావుగా చివరలకు సన్నబడే రెండు మూడు పట్టీలు, మధ్యలో ఖాళీతో. పట్టీకీ పట్టీకీ నడుమ ఉప్పునీరు ఇరుక్కునే చోటు తక్కువ, హోస్ పెట్టి కడిగితే శుభ్రపడుతుంది. రాపిడి తగ్గుతుంది కాబట్టి ఊపు చల్లార్చే పని షాకబ్జర్ల మీద పడుతుంది, వాటిని కాస్త గట్టివి ఎంచుకోవాలి.

విప్పిన పాత పట్టీలను పాత ఇనుముకు వేయకండి. పల్లెల్లో కమ్మరులు లారీ కమాను పట్టీ కోసం వెతుక్కుంటారు, కత్తికి అంతకు మించిన ఉక్కు వాళ్లకు సులువుగా దొరకదు. సిప్పీఘాట్‌లో లవంగాలు, జాజికాయ పండించే 80 ఎకరాల ప్రభుత్వ క్షేత్రం ఉంది. చుట్టూ కొబ్బరి తోటలు. అంబాసిడర్ పట్టీ ఒక్కటి చాలు, రెండు మంచి కొబ్బరి కత్తులు వస్తాయి.