పట్టా నుంచి కౌలుకు: కంప్యూటర్ స్థిర చిరునామా కథ

లినక్స్ డెస్క్‌టాప్ వాడేవారు ఏదో ఒక రోజున చేసే పని ఒకటి ఉంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఐపీవీ4 అన్నచోట ‘ఆటోమేటిక్’ తీసేసి ‘మాన్యువల్’ ఎంచుకోవడం. తర్వాత చిరునామా, నెట్‌మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ అనే నాలుగు గడులు నింపడం. ఇంట్లో ప్రింటరుకో, ఫైళ్ళు దాచుకునే పాత కంప్యూటరుకో రోజుకో నంబరు మారకుండా ఉండాలని చేసే చిన్న పని ఇది. ఇప్పుడిది ప్రత్యేకమైన కోరికలా, కాస్త తెలిసినవారు చేసే సర్దుబాటులా కనిపిస్తుంది. చరిత్ర మాత్రం దీనికి తలకిందులుగా నడిచింది. మొదట్లో ఉన్నవన్నీ స్థిర చిరునామాలే. మారే చిరునామా అనే ఊహ పుట్టడానికి పదిహేనేళ్ళు, అది మామూలు విషయం కావడానికి పాతికేళ్ళు పట్టింది.

1969 చివర్లో ఆర్పానెట్ నాలుగు చోట్ల మొదలైంది: లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, స్టాన్‌ఫర్డ్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్, సాంటా బార్బరా, యూటా. వీటి నంబర్లు వరసగా 1, 2, 3, 4. ఎవరు ముందు వస్తే వారిది ముందు నంబరు. అప్పటి చిరునామా మొత్తం ఎనిమిది బిట్లు. అందులో ఆరు బిట్లు ఇంప్ అని పిలిచే సందేశ వాహక యంత్రానికి, రెండు బిట్లు దానికి తగిలించిన కంప్యూటరుకు. అంటే 64 ఇంప్‌లు, ఒక్కోదానికి నాలుగేసి కంప్యూటర్లు, వెరసి 256. చిరునామా ఎవరూ ‘ఇచ్చేది’ కాదు, తీగ ఎక్కడ గుచ్చారో అదే చిరునామా. యంత్రం ఒక గది నిండా ఉండేది కనుక కదిలే ప్రశ్నే లేదు.

ఆ నంబర్లను గుర్తుపెట్టుకోవలసిన పని జాన్ పోస్టెల్ అనే విద్యార్థి మీద పడింది. ఏ సంఖ్య దేనికి కేటాయించారన్నది మొదట్లో ఆయన ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారని చెబుతారు. సాకెట్ నంబర్లు పంచిపెట్టడానికి ఒక అధికారి ఉండాలని 1972 మే నెలలో ఆయనే ప్రతిపాదించారు, ఆ పని తానే చేశారు. 1998 అక్టోబరులో మరణించేదాకా ఆయన ఆ బాధ్యత వదల్లేదు. ఊరి కరణం దగ్గర భూమి లెక్కలున్నట్టు అంతర్జాలం లెక్కలు ఆయన దగ్గర ఉండేవి. కరణంతో పోలిక ఇక్కడితో ఆపాలి. పోస్టెల్ లెక్కలను అందరూ చదువుకునేలా ఎప్పటికప్పుడు ప్రచురించేవారు.

సంఖ్యలకు తోడుగా పేర్ల చిట్టా ఇంకొకటి ఉండేది. హోస్ట్స్ టెక్స్ట్ అనే ఆ ఫైలును స్టాన్‌ఫర్డ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపిన సమాచార కేంద్రం నిర్వహించేది. కొత్త కంప్యూటరు వస్తే ఆ కేంద్రానికి చెప్పుకోవాలి. వారు చిట్టాలో చేర్చాక మిగతావారంతా కొత్త ప్రతిని దింపుకోవాలి. కంప్యూటర్లు వందలు దాటేసరికి ఈ పద్ధతి చేతకాకుండా పోయింది. 1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను ప్రతిపాదించడానికి కారణం ఇదే. అయినా ఆ చిట్టా పూర్తిగా చావలేదు. ఏ లినక్స్ డెస్క్‌టాప్‌లోనైనా ఈటీసీ డైరెక్టరీ తెరిస్తే ‘హోస్ట్స్’ అనే ఫైలు ఇంకా కనిపిస్తుంది, అందులో 127.0.0.1 అన్న పంక్తి ఇంకా ఉంటుంది.

ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత

ఇప్పుడు మనం ఎరిగిన చిరునామా 1981 సెప్టెంబరులో వచ్చిన ఐపీ నాలుగో రూపం నాటిది. 32 బిట్లు, చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. 32 అన్న నిర్ణయం 1977లో ఒక ప్రయోగం కోసం తీసుకున్నదనీ, ఆ ప్రయోగం ముగియనే లేదనీ వింట్ సెర్ఫ్ తర్వాత చాలా సభల్లో చెప్పారు. 32 బిట్లతో 429 కోట్ల పైచిలుకు చిరునామాలు వస్తాయి. అప్పటి ప్రపంచ జనాభా కూడా దాదాపు అంతే. కంప్యూటరు విశ్వవిద్యాలయాల సొత్తుగా ఉన్న రోజుల్లో మనిషికొక చిరునామా అంటే అది అత్యాశకు కూడా అందని లెక్క.

చిరునామాలో మొదటి భాగం నెట్‌వర్క్‌ది, రెండో భాగం యంత్రానిది. తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. ఇంటిపేరు ముందుండి సొంతపేరు తర్వాత వచ్చే పద్ధతి మనదే. (అమెరికా దరఖాస్తు ఫారాల్లో ఈ వరస తారుమారై పడే పాట్లు చాలామందికి అనుభవమే, ప్యాకెట్లకు ఆ బాధ లేదు.) హైదరాబాదు పాత ఇంటి నంబర్లు ఇంకా దగ్గరి పోలిక: మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఉత్తరం పంచేవాడికి మొదట వార్డు తెలిస్తే చాలు, ఇల్లు సంగతి ఆ వీధిలోకి వెళ్ళాక చూసుకోవచ్చు. నెట్‌మాస్క్ చెప్పేది కూడా ఇదే: ఎక్కడిదాకా వార్డు, ఎక్కడినుంచి ఇల్లు. 255.255.255.0 అంటే మొదటి మూడు సంఖ్యలూ వీధివి, చివరిది ఇంటిది. గేట్‌వే అంటే ఆ వీధి చివర ఉన్న మలుపు. అందుకే గేట్‌వే అదే వీధిలో ఉండాలి, లేకపోతే యంత్రానికి దాన్ని చేరే దారే తెలియదు. మాన్యువల్ గడులు నింపేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

పంపకంలో మాత్రం వివేకం కన్నా ఉదారత ఎక్కువ కనిపిస్తుంది. నెట్‌వర్కులను మూడు తరగతులు చేశారు. ఏ తరగతి తీసుకున్నవారికి కోటీ 67 లక్షల చిరునామాలు, బీ తరగతికి 65 వేల పైచిలుకు, సీ తరగతికి 254. మధ్యలో ఏమీ లేదు. మూడు వందల యంత్రాలున్న సంస్థకు సీ చాలదు కనుక బీ అడిగేది. 65 వేల ఇళ్ళ స్థలంలో మూడు వందల గుడిసెలు వేసుకునేది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి 18తో మొదలయ్యేవన్నీ వచ్చాయి, ఫోర్డ్ కార్ల కంపెనీకి 19, ఆపిల్‌కు 17. అడగడమే తప్ప కొనడం లేని రోజులవి. స్టాన్‌ఫర్డ్ తన 36ను 2000లో తిరిగి ఇచ్చేసింది. మిగతావారు దాచుకున్నది తర్వాత బంగారమైంది: 2011లో దివాలా తీసిన నోర్టెల్ నుంచి 6,66,624 చిరునామాలను మైక్రోసాఫ్ట్ 75 లక్షల డాలర్లకు కొన్నది. లెక్కవేస్తే చిరునామా ఒక్కింటికి పదకొండు డాలర్ల పావు.

కౌలు రావడం

మారే చిరునామాకు బీజం కొరతలో లేదు. అది తర్వాత వచ్చిన కారణం. 1980ల మొదట్లో డిస్కు లేని వర్క్‌స్టేషన్లు వచ్చాయి. కరెంటు పెట్టగానే అవి లేచేవి, కానీ తామెవరో వాటికి తెలిసేది కాదు, రాసిపెట్టుకోవడానికి డిస్కు లేదు గనుక. తెలిసినదల్లా కార్డు మీద తయారీదారు ముద్రించిన మాక్ నంబరు. ఈ నంబరు గలవాణ్ణి, నా చిరునామా ఏమిటి అని అరిచి అడిగే పద్ధతిని 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ వారు రార్ప్ అనే పేరుతో ప్రకటించారు. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రాసిన బూట్‌పీ దాన్ని మెరుగుపరిచింది. ఈ రెంటిలోనూ చిరునామా స్థిరమైనదే. పట్టా యంత్రం పేరనే ఉంది, కాగితం మాత్రం సర్వరు దగ్గర భద్రంగా ఉంది, అంతే.

1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రామ్స్ పేరుతో వెలువడిన డీహెచ్‌సీపీ ఈ పట్టాను కౌలుగా మార్చింది. కౌలు అన్న మాట ఇక్కడ ఉపమానం కాదు, ఆ పత్రంలో వాడిన మాటకు సరైన తెలుగే. యంత్రం వీధిలోకి వచ్చి ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. సర్వరు ఒక చిరునామా చూపిస్తుంది. యంత్రం అదే ఇమ్మంటుంది. సర్వరు గడువు చెప్పి ఖాయం చేస్తుంది. గడువులో సగం గడిచేసరికి కౌలుదారు పొడిగింపు అడగాలి. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడో వంతు దగ్గర ఏ సర్వరునైనా సరే అడగాలి. అదీ కాకపోతే చిరునామా వదిలేసుకోవాలి. ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని మనుషులు ఊళ్ళు తిరగడం మొదలైన కాలానికి ఇది సరిగ్గా అతికింది. యజమాని తలచుకుంటే ఒకే కౌలుదారుకు ఎప్పుడూ అదే చిరునామా ఇచ్చే వీలు కూడా ఇందులో మొదటినుంచీ ఉంది. ఇంటి రౌటరులో ‘రిజర్వేషన్’ అని కనిపించేది అదే. డెస్క్‌టాప్‌లో చేత్తో రాసుకునే స్థిర చిరునామా కన్నా చాలా ఇళ్ళలో ఇదే మేలైన దారి. చేత్తో రాసుకున్న నంబరు రౌటరు కౌలుకిచ్చే వరసలోనే ఉంటే, అది ఏదో రోజు మరో ఫోనుకు పోయి, రెండు యంత్రాలూ ఒకే తలుపు మీద కొట్టుకుంటాయి.

ఆ రెండు మూడేళ్ళలో ఇంకా పెద్ద మార్పు జరిగింది. చిరునామాలు చాలవన్న భయంతో 1993 సెప్టెంబరులో తరగతులను తీసేసి, వార్డు గీతను ఎక్కడైనా గీసుకోవచ్చన్నారు. 1994 మార్చిలో కొన్ని చిరునామాలను ‘ప్రైవేటు’ అని ప్రకటించారు: ఎవరి ఇంట్లో వారు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, వీధిలో చెల్లవు. 192.168తో మొదలయ్యేవి అందులోవే. 10తో మొదలయ్యేవీ అందులోవే. ఈ 10 ఎవరిదో గుర్తుచేసుకోవాలి: 1981 నాటి పట్టికలో 10 అంటే ఆర్పానెట్. 1990లో ఆర్పానెట్‌ను మూసేశాక ఖాళీగా మిగిలిన ఆ పూర్వీకుల ఇంటి నంబరునే ఎవరికీ చెందని ఉమ్మడి నంబరుగా చేశారు. 1994 జులైలోనే దీనిపై లిఖితపూర్వకంగా అభ్యంతరం వచ్చింది. ప్రతి చిరునామా ప్రపంచంలో ఒక్కటే అన్న మూలసూత్రం పోతుందని వారి వాదన. మే నెలలో వచ్చిన నాట్ పత్రం రాసినవారు కూడా దాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూపారు. మూడు దశాబ్దాలయింది. తాత్కాలికం కదలలేదు.

నాట్ అంటే తెలుగు దేశంలో అందరూ ఎరిగిన కేరాఫ్ చిరునామా. వీధికి తెలిసింది ఇంటి యజమాని ఒక్కడే. లోపల ఉన్నవారి ఉత్తరాలు ఆయన పేర వస్తాయి, ఎవరిది ఎవరిదో ఆయన చూసి ఇస్తాడు. లోపలివారు బయటికి రాయవచ్చు, జవాబు వస్తుంది. తెలియనివారు బయటినుంచి నేరుగా వారికి రాయలేరు. 192.168.1.50 అని గర్వంగా రాసుకున్న స్థిర చిరునామాకు ఉన్న విలువ ఇంతే: ఇంట్లో గది మారదు, గదికి వీధి తలుపు మాత్రం లేదు. 1980ల పరిశోధకుడి యంత్రం ఎవరి అనుమతీ లేకుండా ప్రపంచానికి ఏదైనా వడ్డించగలిగేది. ఇప్పటి డెస్క్‌టాప్ దానికన్నా వేల రెట్లు బలమైనది, అయినా తినడానికి వచ్చిన అతిథే. డాలస్‌లో ఉన్న కూతురు గుంటూరులో ఉన్న తల్లిదండ్రులతో వీడియోలో మాట్లాడాలంటే మధ్యలో ఏదో ఒక కంపెనీ సర్వరు చెయ్యి కలపాల్సిందే. ఇద్దరివీ కేరాఫ్ చిరునామాలే. భారతదేశంలో ఈ పరిస్థితి మొదటినుంచీ ఉన్నదే: 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ అంతర్జాలాన్ని ప్రజలకు తెరిచేనాటికి పాత పట్టాల పంపకం ముగింపుకు వచ్చేసింది. డయల్ చేసినప్పుడల్లా ఒక కొత్త కౌలు. ఆసియా వాటా 2011 ఏప్రిల్‌లో అడుగంటింది, అమెరికాది 2015 సెప్టెంబరులో.

లినక్స్ ఈ మార్పులన్నిటికీ మధ్యలో పుట్టింది. దాని మొదటి నెట్‌వర్క్ కోడ్ రాస్ బిరో రాసింది, తర్వాత ఫ్రెడ్ వాన్ కెంపెన్, ఆపైన ఆలన్ కాక్స్ చేతుల్లో పెరిగింది. 1994 మార్చి నాటి 1.0లో ఉన్నది ఆ పరంపరే. ఆనాటి స్లాక్‌వేర్‌లో స్థిర చిరునామా అంటే ఒక స్క్రిప్టు తెరిచి చిరునామా, నెట్‌మాస్క్, నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, గేట్‌వే అన్న ఐదు పంక్తులూ చేత్తో రాయడం. బర్కిలీ యూనిక్స్ నుంచి వచ్చిన ఐఎఫ్‌కాన్ఫిగ్ చిరునామా తగిలించేది. దారి వేరే ఆదేశంతో చెప్పాలి. ఒక కార్డుకు చిరునామా పెట్టాక అదే వీధికి దారి కూడా కెర్నెలే వేసుకోవడం 1999 నాటి 2.2తో వచ్చింది. ఆ తరం కెర్నెల్ కోసమే అలెక్సీ కుజ్నెత్సోవ్ ‘ఐపీ’ అనే కొత్త ఆదేశాన్ని రాశారు. పాతది కాలం చెల్లిందని ప్రకటించి ఎన్నేళ్ళయినా, వేళ్ళు ఇంకా దాన్నే టైపు చేస్తాయి.

2004లో రెడ్ హ్యాట్ నుంచి వచ్చిన నెట్‌వర్క్‌మేనేజర్ ల్యాప్‌టాప్ కోసం పుట్టింది, కనుక కౌలునే సహజ స్థితిగా భావించింది. అక్కడినుంచి స్థిర చిరునామా మినహాయింపు అయింది. చేత్తో దిద్దిన డీఎన్ఎస్ ఫైలును అది మళ్ళీ చెరిపి రాసేది. పాత అలవాటున్నవారికి దానిపై కోపం అందుకే. 2013 తర్వాత ఈథ్0 అన్న పేరు కూడా పోయి, కార్డు ఏ గాడిలో ఉందో చెప్పే పొడుగుపేర్లు వచ్చాయి. విచిత్రమేమంటే, తీగ ఎక్కడ గుచ్చారో అదే పేరన్న 1969 నాటి పద్ధతికి ఇది దగ్గర.

కొరతకు అసలు మందు ఐపీ ఆరో రూపం. 1995 డిసెంబరులో వచ్చింది, 128 బిట్లు. ఇక ప్రతి యంత్రానికీ వీధి తలుపు తిరిగి వస్తుందనుకున్నారు. కానీ మొదటి పద్ధతిలో చిరునామా చివరి సగం మాక్ నంబరు నుంచి తయారయ్యేది. మనిషి ఏ దేశం వెళ్ళినా ఆ సగం మారదు, అంటే వెంటాడేవారికి అది చెరగని పుట్టుమచ్చ. 2001 జనవరిలోనే యాదృచ్ఛికంగా పుట్టి కొన్నాళ్ళకు చచ్చే తాత్కాలిక చిరునామాలను ప్రవేశపెట్టవలసి వచ్చింది. స్థిరత్వం లేక ఒక తరం ఇబ్బంది పడితే, అది దొరికిన చోట తర్వాతి తరం దాన్నుంచి దాక్కోవలసి వచ్చింది. నేటి లినక్స్ డెస్క్‌టాప్‌లో ఒకే కార్డుకు ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనిపించవచ్చు: బయటివారు పిలవడానికి ఒకటి, బయటికి వెళ్ళడానికి ఇంకొకటి. ఆరో రూపం వాడకంలో ప్రపంచంలో ముందువరసలో ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటి, ప్రధానంగా మొబైల్ కంపెనీల వల్ల. ఆలస్యంగా వచ్చినవారికి పాత పట్టాలు లేకపోవడమే ఇందుకు కొంత కారణం.

నాలుగో రూపాన్ని వదలనివారూ ఉన్నారు. 240 నుంచి మొదలయ్యే ఆఖరి ముక్కను ‘భవిష్యత్తు కోసం’ అని 1980ల్లో పక్కన పెట్టారు. అందులో 26 కోట్ల 84 లక్షల చిరునామాలున్నాయి. ఆ భవిష్యత్తు వచ్చేసిందనీ, వాటిని వాడుకలోకి తేవాలనీ ఈ దశాబ్దంలో వాదిస్తున్నవారిలో జాన్ గిల్మోర్ ఒకరు, 1985లో బూట్‌పీ రాసిన గిల్మోరే. లినక్స్ కెర్నెల్ 2008 నుంచే ఆ చిరునామాలను అంగీకరిస్తోంది. డెస్క్‌టాప్‌లో మాన్యువల్ గడిలో 240.0.0.5 అని రాసినా కెర్నెల్ అడ్డు చెప్పదు. దారిలో ఉన్న రౌటర్లు చాలావరకు ఆ ప్యాకెట్‌ను చూడగానే పారేస్తాయి.