జమ్మిచెట్టు మీద మూట

మొన్న సెలవులకి మనవలు వస్తే విశాఖపట్నం బీచి రోడ్డులో మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళాను. పాత డచ్చి బంగళాలో 1991లో పెట్టిన మ్యూజియం అది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి కదా, ఆనాటి జపాను బాంబు ఒకటి పేలకుండా మిగిలిపోయి అక్కడ కూర్చుని ఉంది. అందరూ దాని చుట్టూ మూగితే మా చిన్న మనవడు మాత్రం పాత తుపాకుల ముందు ఆగిపోయాడు.

"అమ్మమ్మా! ఇంట్లో మాలాంటి పిల్లలుంటే అప్పుడు వీటిని ఎక్కడ పెట్టేవారు?"

అరిసెల డబ్బా ఏ అటక మీద దాచినా వాసన పట్టేసే గడుగ్గాయి వాడు. వాడి నోట్లోంచి ఆ ప్రశ్న వచ్చేసరికి నాకు నవ్వూ వచ్చింది, గుండె ఝల్లూ మంది.

ఈ ప్రశ్న నిజానికి చాలా పాతది. భారతంలో పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు ఆయుధాలన్నీ మూటగట్టి శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోకుండా దాన్ని శవమని నమ్మించారు. మళ్ళీ అవసరం వచ్చిన రోజున బృహన్నల ఉత్తర కుమారుణ్ణి చెట్టెక్కించి దింపించుకుంది. చూశారా! పరాయివాడి చెయ్యి పడకూడదు, మనకి కావలసినప్పుడు దొరకాలి. ఈ రెండూ పొసగేలా ఆలోచించారన్నమాట.

మామూలు సంసారులకి శ్మశానమూ జమ్మిచెట్టూ ఎక్కడివి? నాలుగు గోడలూ, నలుగురు పిల్లలూను. మా తాతగారిది విశాఖ జిల్లాలో కొండల కింద ఊరు. చెరకు తోటలో అడవిపందులు పడుతున్నాయని లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది. అది గొట్టం మూతి నుంచి మందు పోసే రకం. తుపాకి మందు పోసి, గుడ్డపేలిక కూరి, గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించాలి. ఆఖరున గుర్రం కింద చిన్న రాగి టోపీ పెడితేనే పేలుతుంది. ఒకసారి దట్టించాక మందు తియ్యడం తేలిక కాదు. అందుకని తాతగారు సాయంత్రమే దట్టించి నడవలో రెండు మేకులకి తగిలించేసేవారు. "పంది వచ్చాక నీ భోషాణం తాళం వెతుక్కోమంటావా?" అనేవారు అమ్మమ్మతో.

ఓ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, ఎనిమిదేళ్ళ మా చిన్నమావయ్య గాదె మీదికెక్కి తుపాకి అందుకున్నాడు. గుర్రం లాగి, గొట్టం ఉయ్యాలకేసి తిప్పి నొక్కాడు. ఉయ్యాలలో ఆర్నెల్ల పాప. టక్కుమంది, అంతే! టోపీ లేదు. తాతగారు దట్టించి వెళ్ళిన ప్రతిసారీ అమ్మమ్మ నోరెత్తకుండా టోపీ తీసి తన బొట్టుపెట్టెలో పడేసేదట. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలీదు. తాతగారు అరవబోయి, ఉయ్యాల వైపు చూసి, అరుగు మీద చతికిలబడిపోయారు.

అయితే అమ్మమ్మ చేసింది కూడా సగమే క్షేమం. లోపల మందు ఉన్నంతకాలం నిప్పురవ్వ భయం ఉండనే ఉంది. ఆ రోజు తరవాత ఇంట్లో తుపాకి దట్టించడమే మానేశారు. తుపాకి ఒక తాళంలో, మందు వేరే గదిలో ఇంకో తాళంలో, టోపీలు బొట్టుపెట్టెలో. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే అయింది, పందులు కాస్త చెరకు తింటే తిన్నాయి.

తుపాకినీ తూటానీ ఒకచోట పెడితే ఏమవుతుందో తెల్లదొరతనానికీ తెలిసొచ్చింది. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి మనవాళ్ళ చేతుల్లో లైసెన్సు లేని తుపాకి లేకుండా చేసింది. దొరలకు మాత్రం ఆ రోజుల్లో మినహాయింపు! చివరికి ఏమైంది? 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు ఠాణాల్లోనూ కలిపి 26 తుపాకులు, రెండువేల అయిదువందలకు పైగా తూటాలు పట్టుకుపోయి, పట్టుకుపోయినట్టు స్టేషను పుస్తకంలో రాసి మరీ వెళ్ళాడు. మన్యం ప్రజలకి అది పండగే. కాని దాచినవాళ్ళ వైపునుంచి చూడండి. తుపాకులూ తూటాలూ ఒకే కప్పు కింద ఉంటే ఒక్క తలుపు తెరుచుకున్నా రెండూ పోతాయి. సర్కారు ఠాణాకే ఆ గతి పడితే మన అలమారా ఎంత?

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. మామూలుగా 21 ఏళ్ళు నిండనివాళ్ళకి తుపాకి చేతికివ్వకూడదు. 2016 నాటి నిబంధనల్లో తుపాకిని భద్రంగా దాచే సంగతి కూడా చేరింది. అమెరికాలోనూ, పిల్లల చేతికి అందేలా తుపాకి వదిలేసిన పెద్దవాళ్ళది నేరమని 1989లో మొదట ఫ్లోరిడా రాష్ట్రం చట్టం చేసింది.

మనం ఆడవాళ్ళం తెలుసుకోవలసిన ముక్క ఇంకొకటుంది. లైసెన్సుదారుడు పోతే ఆ తుపాకి ఇంట్లో ఉంచుకునే హక్కు దానంతటది ఇల్లాలికి రాదు. జాగు చెయ్యకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న తుపాకుల వ్యాపారి దగ్గర గాని అప్పగించాలి. కావాలంటే వారసులు తమ పేర లైసెన్సు అడగొచ్చు. పుట్టెడు దుఃఖంలో ఇది ఎవరికి గుర్తుంటుంది? బీరువా మీద దుప్పటి చుట్టి పడేస్తాం. కొన్నేళ్ళకి మనవడెవడో అందుకుంటాడు.

ఇంట్లో తుపాకి ఉన్న అమ్మలకి అందుకే చెబుతున్నాను. ఖాళీది అన్నమాట నమ్మకండి, ప్రతి తుపాకీ నిండినదే అనుకోండి. తుపాకికో తాళం, తూటాలకో తాళం. తాళంచెవి మేకుకీ తలగడ కిందా కాదు, లైసెన్సున్న మనిషి ఒంటిమీద. పిల్లలకి మాత్రం "ఎక్కడ కనబడినా ముట్టుకోకు, అక్కణ్ణుంచి వచ్చేసి పెద్దవాళ్ళకి చెప్పు" అని నేర్పండి. కాని ఆ నేర్పడం మీదే భారం వెయ్యకండి. అరిసెలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పలేదూ?

మ్యూజియం మెట్లు దిగుతూ ఈ కథంతా మావాడికి చెప్పాను. తాతగారు పోయాక అమ్మమ్మ పదకొండో రోజు వెళ్ళకుండానే తమ్ముణ్ణి పిలిపించి తుపాకి స్టేషనుకి పంపించేసిందని కూడా చెప్పాను.

"మరి ఆ బొట్టుపెట్టె?" అన్నాడు.

నా దగ్గరే ఉంది. ఇప్పుడందులో పిన్నీసులు పెట్టుకుంటున్నాను. అది మాత్రం వాడికి అందనంత ఎత్తులోనే ఉంచాను.