బలాబలాలు – వినోదం: నిర్మల గంజీఫా కథ

పేకాట అనగానే మనకు యాభైరెండు ముక్కలు, నాలుగు రంగులు, ఆసు, రాజు, రాణి, జాకీ స్ఫురిస్తాయి. కాని ఇవి సముద్రాలు దాటి వచ్చిన ముక్కలు. వీటికి పూర్వం మన దేశములో రాజాస్థానాలలోను, గృహస్థుల వసారాలలోను సాగిన ఆట వేరు. దాని పేరు గంజీఫా. ముక్కలు గుండ్రనివి, చేతితో బొమ్మలు వ్రాసి పైన లక్కపూత పూసినవి. అట్టి ముక్కలకు పేరుపొందిన తెలుగు ఊళ్ళలో కర్నూలు సీమలోని నొస్సం ఒకటి, మన ఉత్తర తెలంగాణములోని నిర్మల మరియొకటి. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో భాగమై ఉండి, అటుపిమ్మట తానే జిల్లా కేంద్రమైన ఈ పట్టణం పొనికి కర్ర బొమ్మలకు ప్రసిద్ధి. బొమ్మలకు రంగులు దిద్దిన నకాషీల నేర్పే ఈ చిన్న ముక్కలలో కూడా కనిపిస్తుంది.

ఆట పురాతనమైనది. మొగలు చక్రవర్తి బాబరు 1527లో సింధు దేశాధిపతికి గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. ఆయన మనుమడైన అక్బరు ఆడిన ఆటను అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో వర్ణించినాడు. అందులో రంగులు పన్నెండు. రంగుకు పన్నెండు ముక్కల చొప్పున మొత్తము 144. అశ్వపతి, గజపతి, నరపతి మొదలుగా వనపతి, అహిపతి వరకు పన్నెండుగురు ప్రభువులు. వనపతి రంగులో పులి రాజు, చిరుతపులి మంత్రి. అహిపతి రంగులో సర్పమే రాజు, సర్పమే మంత్రి.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఈ పన్నెండింటిలో మొదటి ఆరు బలమైన రంగులనీ, చివరి ఆరు బలహీనమైన రంగులనీ విభాగం చేసినారు. భయంకరమైన పులియు, విషసర్పమును ఉన్నది బలహీనుల వరుసలో! చూడగానే జంకు పుట్టించే మృగానికి ఆటలో అధిక బలం ఉండితీరాలని ఆ కల్పకులు అనుకోలేదు. బొమ్మ కంటికి వినోదం. బలం నియమానికి లోబడినది. ఆ రెండింటినీ వేరుచేయడములోనే వారి వివేకమున్నది.

బలహీనమన్నంత మాత్రాన ఆ రంగు పనికిరానిదని అర్థము కాదు. గంజీఫాలో ప్రతి రంగులోను రాజు ప్రథముడు, మంత్రి ద్వితీయుడు. తరువాతి పది అంకెల ముక్కల వరుసలోనే భేదం. సగం రంగులలో పది పెద్ద, ఒకటి చిన్న. తక్కిన సగంలో వరుస తలక్రిందులు: ఒకటి మంత్రికి ప్రక్కన నిలుస్తుంది, పది అట్టడుగుకు పోతుంది. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. అక్కడ కూడా అయిదు రంగులు ఒక తీరు, అయిదు మరొక తీరు. దీనివలన పంపకములోని అదృష్టం తగ్గదు. కాని చేతికి ఒకటులు, రెండులు మాత్రమే వచ్చినవాడు ముక్కలు క్రింద పడవేసి లేచిపోనక్కరలేదు. అంకెను చూచి మురిసిపోవడానికి గాని, కుంగిపోవడానికి గాని వీలులేదు; అది ఏ రంగులోని అంకెయో విచారించాలి.

ఆట ఆరంభించే అధికారం కూడా ఒకరి సొత్తు కాదు. దశావతార గంజీఫాలో పగటివేళ రాముని రాజు ఎవరి చేతిలో ఉంటే వారు మొదలుపెడతారు; రాత్రివేళ ఆ గౌరవం కృష్ణునిది. తురుపు లేదు. సాధారణంగా ముగ్గురు ఆడతారు. రాజు పడిపోయిన రంగులో మంత్రియే పెద్ద. మంత్రి కూడా పోతే అతని క్రింది అంకె పెద్ద. ఆ విధంగా ఒక్కొక్కటే తొలగిపోగా, మొదట ఎవరూ లెక్కచేయని ముక్క కడపటి పట్టును గెలువవచ్చును. ఎవరు పోయినారో, ఎవరు మిగిలినారో జ్ఞాపకముంచుకొన్నవాడే నేర్పరి.

ఈ విద్య చిత్రకారులకే పరిమితం కాదు. పల్లెలో నేలమీద గీతలు గీసి ఆడుకొనే పులిమేక ఆటను చూడండి. పులులు మూడు, మేకలు పదిహేను. మేకను దాటి దూకి పులి దానిని తినగలదు. మేక ఎవరినీ తినలేదు. అయినా మేకలన్నీ కలిసి దారులు మూసివేస్తే పులులు కదలలేక ఓడిపోతాయి. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు. పులులను పెంచి మేకలను పెంచకపోతే ఆట వేటగా మారిపోతుంది. ఫలితం ముందే తెలిసిన చోట వినోదానికి తావెక్కడ?

అతి చేసినా ప్రమాదమే. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) గొప్ప క్రీడాకల్పకుడు. ఆయన కల్పించిన ఆటలలో ఒకదానికి ముక్కలు 360. అవి చిత్రకళకు ఆభరణాలు. కాని అంత చిక్కైన ఆట సామాన్యుల ఇంటికి దిగిరాలేదు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితవేత్త వింతజీవుల బొమ్మలతో ‘మ్యాజిక్’ అనే ముక్కల ఆటను కల్పించినప్పుడు ఇదే సమస్య ఎదురైనది. సాధారణంగా బలమైన జీవిని ఆటలో దింపాలంటే హెచ్చు మూల్యం చెల్లించాలని ఆయన నియమం పెట్టినాడు. అయినా మితిమీరిన బలంగల కొన్ని ముక్కలను పోటీలలో నిర్బంధించవలసివచ్చినది. అక్బరు కొలువులో తలయెత్తిన ప్రశ్న, పల్లె రచ్చబండ దగ్గర తలయెత్తిన ప్రశ్న, అమెరికాలో తలయెత్తిన ప్రశ్న ఒక్కటే: బలవంతుని బలవంతునిగా ఉంచుతూనే, బలహీనునికి ఆశ మిగల్చడం ఎట్లు?

అచ్చుముక్కలు చౌకగా దొరకడంతో గంజీఫా ఆట సన్నగిల్లినది. నేడు ఆ గుండ్రని ముక్కలు అద్దాల పెట్టెలలోను, గోడలమీదను అలంకారాలైనవి. బొమ్మ నిలిచినది, నియమం మరుగునపడినది. చిత్రకారుడు రంగు వేయగలడు. ముక్కకు ప్రాణం పోయవలసినవారు మాత్రం ఆటగాళ్ళే. ఏ ఇంటనైనా పాత ముక్కల జత పెట్టె అడుగున ఉంటే, ఇంటి పెద్దలకు ఆట తెలిసి ఉంటే, పిల్లలను చుట్టూ కూర్చుండబెట్టి ఒకసారి పంచి చూపండి. ఏ రంగులో పది పెద్దయో, ఏ రంగులో ఒకటి పెద్దయో ముందుగా చెప్పండి. మిగిలినది ఆటయే నేర్పుతుంది.