హునైన్ బిన్ ఇస్‌హాఖ్ అనువాద పరిశోధనా పద్ధతి

అబ్బాసీల కాలపు అనువాద ఉద్యమాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా ఖలీఫాల ఔదార్యంతో ప్రారంభించి గ్రంథాల జాబితాతో ముగిస్తారు. ఎన్ని గ్రంథాలు అనువదింపబడ్డాయో తెలుస్తుంది గాని, అవి ఏ విధంగా అనువదింపబడ్డాయో తెలియదు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ఒక అనువాదకుని లేఖలోనే లభించడం చరిత్ర విద్యార్థుల అదృష్టం.

ఆ అనువాదకుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్. కూఫా సమీపాన గల హీరా పట్టణంలో క్రీ.శ. 808లో ఒక అరబ్బు క్రైస్తవ కుటుంబంలో జన్మించి, 873లో మరణించాడు. వృత్తిరీత్యా వైద్యుడు, గ్రీకు, సిరియాక్, అరబీ భాషలలో పండితుడు. అరబ్బులు జాలీనూస్ అని పిలిచే గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను గురించి, అలీ బిన్ యహ్యా కోరికపై సుమారు 856లో ఆయన ఒక లేఖ వ్రాశాడు. అందులో 129 గ్రంథాల ప్రస్తావన ఉంది. ఒక్కొక్క గ్రంథాన్ని గురించి దాని విషయమేమి, ఎవరు, ఎవరి కోసం, ఏ భాషలోకి అనువదించారు, తనకు దొరికిన ప్రతి ఎటువంటిది అన్న వివరాలు ఇచ్చాడు. ఇస్తాంబూల్‌లోని ఆయా సోఫియా ప్రతి ఆధారంగా జర్మన్ పండితుడు బెర్గ్‌స్ట్రాసర్ దీనిని 1925లో ప్రకటించాడు.

అరబీ అనువాదాలలో రెండు మార్గాలుండేవని 1363లో మరణించిన సఫదీ పేర్కొన్నాడు. మొదటిది మాటకు మాట పెట్టడం. రెండవది వాక్యభావాన్ని గ్రహించి తన భాషలో చెప్పడం. హునైన్‌ను ఆయన రెండవ మార్గానికి ప్రతినిధిగా చూపాడు. అయితే హునైన్ లేఖను పరిశీలిస్తే, ఈ రెండింటికంటే ముందు మరొక మెట్టు ఉన్నదని తేలుతుంది. అది మూలపాఠాన్ని నిర్ధారించుకోవడం.

వైద్య సంప్రదాయాలను గురించిన గాలెన్ గ్రంథాన్ని హునైన్ సుమారు ఇరవై యేండ్ల వయస్సులో సిరియాక్‌లోకి అనువదించాడు. అప్పుడు దొరికిన గ్రీకు ప్రతి తప్పులతో నిండి ఉంది. నలభై యేండ్ల ప్రాయంలో శిష్యుడు హుబైష్ ఆ అనువాదాన్ని సవరించమని కోరాడు. అప్పటికి ఆయన వద్ద అనేక గ్రీకు ప్రతులు చేరాయి. వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి ముందుగా ఒక శుద్ధప్రతిని తయారుచేసి, దానితో తన పాత అనువాదాన్ని పోల్చి దిద్దాడు. తాను అనువదించే ప్రతి గ్రంథం విషయంలోనూ ఇదే తన అలవాటని కూడా తెలిపాడు. వైద్యగ్రంథంలో ఒక మాట తారుమారైతే దాని ఫలితం రోగి అనుభవించవలసి వస్తుంది. కనుక ఈ శ్రమ కేవలం పాండిత్య ప్రకర్ష కాదు.

దొరకని దానిని దొరకలేదని చెప్పడం కూడా ఆయన పద్ధతిలో భాగమే. గాలెన్ వ్రాసిన నిదర్శన శాస్త్రం కోసం ఇరాఖ్ ఉత్తర ప్రాంతం, సిరియా, పాలస్తీనా, ఈజిప్టులు తిరిగి అలెగ్జాండ్రియా వరకు వెళ్ళాడు. చివరకు దమిష్ఖ్‌లో దాదాపు సగభాగం, అదీ క్రమం తప్పినది, లభించింది. ఆ విషయాన్ని ఉన్నదున్నట్లు నమోదు చేశాడు.

ఈ లేఖ చరిత్రకారులకు మరొక హెచ్చరిక కూడా చేస్తున్నది. హునైన్ బైతుల్ హిక్మాలో కూర్చొని అనువాదాలు సాగించాడని ఎన్నో పుస్తకాలలో కనిపిస్తుంది. కాని తన లేఖలో ఆయన ఆ సంస్థ పేరే ఎత్తలేదు. ఆయన పేర్కొన్నవారు తన చేత గ్రంథాలు అనువదింపజేసుకున్న వైద్యులు, మూసా కుమారుడు ముహమ్మద్ వంటి విద్యాభిమానులు. ప్రసిద్ధమైన మాటకంటే సమకాలిక సాక్ష్యానికి ఎక్కువ విలువ ఉంటుంది.

వెయ్యేండ్ల తరువాత హైదరాబాదులో ఈ సమస్యే మరొక రూపంలో ఎదురైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పాఠ్యగ్రంథాల కోసం 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. శాస్త్ర పదాలను ఉర్దూలో ఎలా కల్పించాలన్న చర్చ నుండే వహీదుద్దీన్ సలీం పరిభాషా గ్రంథం వెలువడింది.

గ్రీకు విద్య సిరియాక్ మీదుగా అరబీకి చేరినట్లే, అరబీ గ్రంథాలు అనేకం ఉర్దూ, ఆంగ్లాల మీదుగా తెలుగుకు చేరాయి. ఒక్కొక్క మజిలీలో కొంత మారే అవకాశం ఉంది. కనుక విశ్వవిద్యాలయంలో అనువాదాలపై పరిశోధన చేయబూనినవారు శైలిని మెచ్చుకోవడానికి ముందే అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అనువాదకుని ముందున్న ప్రతి ఏది? అది మూలమా, అనువాదమా? ఎవరి కోసం చేశాడు? విడిచిపెట్టిన దానిని చెప్పాడా? హునైన్ ఈ ప్రశ్నలను ముందుగా తన పనినే అడిగాడు. అందుచేతనే ఆయన మాటను నేటికీ పండితులు ప్రమాణంగా స్వీకరిస్తున్నారు.