3.4 మన్యంలో సాయుధ బలం – శాసనసభ పరిమితులు

పాలకుడు సాయుధ బలాన్ని ప్రయోగించినప్పుడు అతణ్ణి శాసనసభ నియంత్రించగలదా? అమెరికాలో 1973 యుద్ధాధికారాల తీర్మానం ప్రకారం అధ్యక్షుడు సైన్యాన్ని పోరులోకి దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. కాంగ్రెస్ ఆమోదించకపోతే సాధారణంగా 60 రోజుల్లో విరమించాలి. ఇదే ప్రశ్నను సీలేరు పరిసరాల్లోని గూడెం మన్యం చరిత్రకు అన్వయించి చూద్దాం.

అటవీ ఆంక్షలు, పోడుపై నిర్బంధం, రోడ్డు పనుల్లో వెట్టి గిరిజనులను తిరుగుబాటుకు పురికొల్పాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసింది. ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును, 1924లో అస్సాం రైఫిల్స్‌ను రంగంలోకి దించింది. 1924 మే 7న రాజును న్యాయవిచారణ లేకుండానే కాల్చి చంపారు.

అప్పటికే మద్రాసులో ఎన్నికైన సభ్యులతో శాసనమండలి ఉంది. అయినా అది ఈ చర్యలను ఆపగల స్థితిలో లేదు. ఇందుకు 1919 చట్టంలోనే రెండు కారణాలున్నాయి:

1. పోలీసు శాఖ 'రిజర్వుడు' అంశం. మండలి నిధులు తిరస్కరించినా, అవి అవసరమని ధ్రువీకరించి గవర్నరు పునరుద్ధరించవచ్చు.
2. 'వెనుకబడిన ప్రాంతాలు'గా ప్రకటించిన చోట్ల శాసనసభ చట్టాలు వర్తించకుండా ఆదేశించవచ్చు.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఈ స్థితిని మార్చింది. 53(2) అధికరణ ప్రకారం రక్షణ దళాలపై రాష్ట్రపతి అత్యున్నత ఆధిపత్యం చట్టానికి లోబడి ఉంటుంది. అంటే సభ ఉన్నంత మాత్రాన చాలదు. నిధులపై తుది మాట దానిదే కావాలి, దాని చట్టం కొండల దాకా చేరాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1922–24లో మద్రాసు శాసనమండలి ఎందుకు నిస్సహాయంగా ఉంది?